థానోస్‌కి తెలుగు గొంతు

'అవెంజర్స్: ఎండ్‌గేమ్' 2019 ఏప్రిల్ 26న వచ్చింది. 181 నిమిషాల సినిమా. మొదటి గంట సాగదీశారనే ఇప్పటికీ అంటాను. చివరి యుద్ధానికి మాత్రం వంక పెట్టలేం. అయితే గాజువాకలో స్టీల్‌ప్లాంట్ షిఫ్టు దిగినవాళ్లూ, ఇంటర్ కుర్రాళ్లూ కలిసి దానికి ఈల వేయగలిగారంటే సగం మార్కులు డబ్బింగ్ వాళ్లవే.

విలన్ థానోస్‌కి తెలుగులో గొంతిచ్చింది నటుడు రానా అని అందరికీ తెలుసు. మిగతా గొంతుల పేర్లు ఎవరికీ పట్టవు.

డబ్బింగ్ పని తేలిక కాదు. తెరమీద పెదాలు కలిసినచోట ప, బ, మ లాంటి అక్షరం పడాలి. ఇంగ్లిష్‌లో 'కాదు' అన్నది వాక్యం మధ్యలోనే తేలిపోతుంది, మనకు చివర్న గానీ రాదు. తల అడ్డంగా ఊగే క్షణానికి మాట అందేలా రచయిత వాక్యాన్ని తిరగెయ్యాలి. కుర్ర స్పైడర్‌మ్యాన్ టోనీ స్టార్క్‌ని 'మీరు' అనాలో 'నువ్వు' అనాలో కూడా తనే తేల్చుకోవాలి. ముసుగులో ఉన్న హీరో అయితే కాస్త వెసులుబాటు, పెదాలు కనబడవు.

ఫైట్లు మరీ కష్టం. మైకు ముందు కదలకుండా నిలబడి, హెడ్‌ఫోన్‌లో ఒరిజినల్ వింటూ, దెబ్బ తిన్న మూలుగు, రొప్పు, అరుపు అన్నీ గొంతుతోనే పుట్టించాలి. చేతిలో కాగితం చప్పుడైతే టేకు మళ్లీ మొదటికే.

ఇంగ్లిష్‌లో చూస్తేనే చూసినట్టని కొందరంటారు, వాళ్లిష్టం. మా వీధి పిల్లలు డైలాగులు కొట్టేది తెలుగులోనే. ఆ గొంతుల పేర్లు సినిమా మొదట్లోనే, పెద్దక్షరాల్లో వెయ్యాలి.