శ్రమశిబిరంలో ఛందస్సు

హంగెరీ కవి మిక్లోష్ రాద్నోతి కవితలను ఇంగ్లీషు అనువాదంలో బాన్సువాడ మిత్రులం కొందరం కలిసి చదువుకున్నాం. చదవటం ముగిశాక ఒక విద్యార్థి సూటిగా అడిగాడు: "చావు నెత్తిమీద ఉన్నప్పుడు ఈ కవికి ఛందస్సెందుకు?" ఇది కొట్టిపారేయదగ్గ ప్రశ్న కాదు. ఛందస్సును తిరోగమనానికి గుర్తుగా చూడటం మన విమర్శలో పాతుకుపోయిన అలవాటు.

ముందు ఆ కవిని చుట్టుముట్టిన పరిస్థితిని చూద్దాం. యూదుల హత్యాకాండ అనగానే మనం హిట్లర్ పేరు చెప్పి ఊరుకుంటాం. హంగెరీ చరిత్ర అంత సులభంగా తేలదు. అక్కడి పార్లమెంటు 1938లో పత్రికారంగంలోనూ ఇతర వృత్తుల్లోనూ యూదులు 20 శాతానికి మించరాదని చట్టం చేసింది. 1939లో దాన్ని 6 శాతానికి కుదించి, యూదుడెవరో తాతముత్తాతల పుట్టుకను బట్టి తేల్చింది. 1941 చట్టం యూదులకూ ఇతరులకూ మధ్య వివాహాలను నిషేధించింది. జర్మను సైన్యం హంగెరీని ఆక్రమించింది 1944 మార్చిలో. అంటే ఈ చట్టాలన్నీ అంతకు ముందటివే. ఆ తర్వాత మే 15 నుంచి జులై 9 దాకా, ఎనిమిది వారాల్లో, దాదాపు 4,37,000 మందిని రైళ్ళకెక్కించి, ఎక్కువమందిని ఆష్‌విట్జ్‌కు పంపారు. ఊరూరా వాళ్ళను పోగుచేసింది హంగెరీ పోలీసు దళాలే.

యూదు యువకుల చేతికి ఆయుధం ఇవ్వని ఆ ప్రభుత్వం, వాళ్ళను సైన్యం కింద వెట్టిచాకిరీకి పెట్టింది. రాద్నోతిని మూడుసార్లు పిలిచారు. మూడోసారి, 1944లో, యుగోస్లావియాలోని బోర్ రాగిగనుల ప్రాంతానికి పంపారు. అక్కడ, శిబిరపు బారకాసులో, ఆయన తన ఏడవ ఎక్లోగ్ రాశాడు. దాని ఛందస్సు వర్జిల్ గోపగీతాలది, రెండు వేల ఏళ్ళనాటిది.

రాద్నోతి ఛాందసుడు కాడు. ఆయన తొలి సంపుటాల్లో ఉన్నది స్వేచ్ఛాకవిత్వమే. రెండో సంపుటిని 1931లో ప్రభుత్వం జప్తు చేసింది కూడా. నిర్బంధం బిగిసిన కొద్దీ ఆయన నియమబద్ధమైన ఛందస్సు వైపు నడిచాడు. దీపం లేని చీకట్లో తడుముకుంటూ రాస్తున్నానని ఆ ఎక్లోగ్‌లోనే చెప్పుకున్నాడు. కన్ను పనిచెయ్యనిచోట పాదాన్ని నిలబెట్టింది లయే. తనను మనిషి కాదన్న రాజ్యానికి, మానవజాతి ఉమ్మడి వారసత్వం తనదేనని ఆయన ఇచ్చిన జవాబు అది. ఇక్కడ రూపం అలంకారం కాదు, వాదం.

ఈ సంగతి అర్థం కావటానికి మనం హంగెరీ దాకా పోనక్కర్లేదు. మన నిజామాబాదు జైల్లోనే దాశరథి గోడలమీద బొగ్గుతో పద్యాలు రాశాడు. కాగితం లేనిచోట పద్యం గోడమీదా నాలుకమీదా బతికింది. అయితే ఈ పోలికను హద్దు దాటనివ్వకూడదు. దాశరథిని నిజాం ప్రభుత్వం నిర్బంధించింది ఆయన చేసిన పనికి. రాద్నోతికి శిక్ష పడింది పుట్టుకకు. 1943లో ఆయన కాథలిక్కు మతం పుచ్చుకున్నా ఆ శిక్ష మారలేదు. ఈ తేడాను చెరిపేస్తే ఫాసిజం స్వభావమే మనకు అంతుపట్టదు.

శత్రుసేనలు దగ్గరపడుతుంటే ఖైదీలను కాలినడకన తోలుకుపోయారు. 1944 నవంబరులో, హంగెరీలోని అబ్దా గ్రామం దగ్గర, నడవలేకపోయిన 22 మందిని కాల్చి పూడ్చారు. 1946 జూన్‌లో ఆ గుంత తవ్వినప్పుడు రాద్నోతి కోటు జేబులో చిన్న నోటుపుస్తకం దొరికింది. అందులో పది కవితలున్నాయి. దొరికినవారు ఎవరికి చేర్చాలో ఐదు భాషల్లో రాసి ఉంది.

ఆయన చివరి కవితలో వినిపించే హంతకుడి మాట జర్మను మాట. ఆయనను కాల్చిన తుపాకులు మాత్రం హంగెరీ సైనికులవి, అంటే ఆయన కవిత్వం రాసిన భాషనే మాట్లాడేవాళ్ళవి. ఫాసిజాన్ని ఎప్పుడూ పరాయి రాక్షసుడిగా చిత్రించే మన కవిత్వం ఆలోచించవలసింది ఇక్కడే. అది సొంత భాషలో, చట్టం రూపంలో, శాతాల లెక్కతో మొదలవుతుంది. 1938లో బార్తోక్, మోరిత్స్ వంటివారు మొదటి చట్టాన్ని బహిరంగంగా వ్యతిరేకించారు. ఆ గొంతులు చాలినన్ని లేకపోయాయి. శాతాలు లెక్కగట్టేనాడే అడ్డుపడటం రచయితల బాధ్యత.