ఆఠీను ఏడు

‘ఆలిస్ ఇన్ బోర్డర్‌ల్యాండ్’ ప్రాణాలొడ్డి ఆడే ఆటల చుట్టూ అల్లిన జపాన్ సీరియల్. హారో అసో 2010లో మొదలుపెట్టి 2016లో ముగించిన మాంగా బొమ్మల కథ దానికి మూలం. షిన్‌సుకే సాతో దర్శకుడు. నెట్‌ఫ్లిక్స్‌లో మొదటి సీజన్ 2020 డిసెంబరులో, రెండోది 2022 డిసెంబరులో, మూడోది 2025 సెప్టెంబరులో వచ్చాయి. దీన్ని ‘స్క్విడ్ గేమ్’ నకలని కొట్టిపారేసే మాట జగిత్యాల చాయ్ హోటళ్లలో ఇంకా వినబడుతూనే ఉంది. తారీఖులు ఆ మాటకు ఒప్పుకోవు. ‘స్క్విడ్ గేమ్’ వచ్చింది 2021 సెప్టెంబరులో. ఎవరి మీద ఎవరి నీడ పడిందని తేల్చాలంటే 2000 నాటి జపాన్ సినిమా ‘బ్యాటిల్ రాయల్’ దాకా వెనక్కి పోవాలి.

పనీపాటా లేక వీడియోగేమ్‌లు ఆడుకునే అరిసు, సోపతిగాళ్లు కరుబే, చోటాలతో కలిసి టోక్యోలోని షిబుయా కూడలిలో తిరుగుతుంటాడు. ఉన్నట్టుండి జనమంతా మాయమవుతారు. నిత్యం కిక్కిరిసే ఆ కూడలి ఖాళీ అయ్యే దృశ్యాన్ని అషికాగ పట్టణంలో సెట్ వేసి తీశారు. సీరియల్ మొత్తం మీద గ్రాఫిక్స్ ఇంత నిఖార్సుగా పండిన చోటు మరొకటి లేదు. ఆ తర్వాత ఆటలు మొదలవుతాయి. ప్రతి ఆటకూ ఒక పేకముక్క గుర్తు. ఇస్పేటు వస్తే ఒంటి బలానికి పరీక్ష, కళావరు జట్టుకు, డైమను తెలివికి, ఆఠీను నమ్మకద్రోహానికి. ముక్క మీది అంకె పెరిగేకొద్దీ ఆట గట్టిపడుతుంది. ఇంటింటా రమ్మీ తెలిసిన ఊళ్లలో దీనికి వేరే వివరణ అక్కర్లేదు. నియమం ఒక్క ముక్కలో తెలిసిపోవాలన్నది ఈ కాలమ్ పాత పట్టుదల. ఆ లెక్కన ఈ సీరియల్‌కు మొదటి మార్కు ఇక్కడే.

గెలిచినవాళ్లకు దక్కేది డబ్బు కాదు, వీసా. ముక్క మీద ఎంత అంకె ఉంటే అన్ని రోజులు బతకనిస్తారు. గడువు దాటితే ఆకాశం నుంచి లేజర్ దిగి నెత్తిని తొలుస్తుంది. హైదరాబాద్ ప్రేక్షకుడికి ఇది చమత్కారంగా తోచవచ్చు గానీ, గల్ఫ్ వలసలున్న కోరుట్లలో, సిరిసిల్లలో వీసా గడువంటే ఇంట్లో అందరికీ తెలిసిన లెక్క. గడువు తీరి అక్కడ ఖల్లివెల్లిగా, అంటే కాగితాలు లేకుండా, మిగిలినవాళ్లు యూఏఈ క్షమాభిక్ష ప్రకటించే దాకా, 2018లోనో 2024లోనో, బిక్కుబిక్కుమంటూ కాలం గడిపారు. సీరియల్‌లో ఇన్ని ఆటలూ గెలిచాక ఆ లోకపు పౌరసత్వం తీసుకుంటావా, వదులుకుంటావా అని అడగడం కూడా ఆ లెక్కలోదే. అంత పదునైన ఊహను రచయితలు మధ్యలోనే వదిలేశారు. రెండో సీజన్‌లో రోజుల లెక్క ఎవరికీ గుర్తుండదు.

నియమం బలమేమిటో రెండో సీజన్‌లోని డైమను రాజు ఆటలో చూడాలి. అయిదుగురు కూర్చుంటారు. ఒక్కొక్కరు సున్నా నుంచి నూరు లోపు ఒక అంకె రాయాలి. అన్నిటి సగటును 0.8తో గుణిస్తే వచ్చే సంఖ్యకు ఎవరిది దగ్గరైతే వాళ్లది గెలుపు. మిగతావాళ్లకు ఒక్కో మార్కు పోతుంది. మైనస్ పదికి చేరితే తలమీది తొట్టి నుంచి యాసిడ్ కురుస్తుంది. సగటు యాభై అనుకుంటే నలభై రాయాలి. అందరూ అదే ఆలోచిస్తారు కాబట్టి ముప్పై రెండు రాయాలి. అదీ అందరికీ తడుతుంది. అలా దిగుతూ దిగుతూ సున్నా దగ్గర ఆగాలి. ఆర్థికవేత్త కీన్స్ 1936లో షేర్ మార్కెట్‌ను వివరించడానికి చెప్పిన అందాల పోటీ ఉదాహరణకు ఇది మనవడు. కత్తీ కటారీ లేకుండా, కుర్చీలు కదలకుండా ఇంత ఉత్కంఠ పుట్టించడం మామూలు పనితనం కాదు.

అదే సీజన్‌లో ఇస్పేటు రాజు ఆట ఒట్టి తుపాకుల మోత. ఒకడు వీధుల వెంట కాల్చుకుంటూ పోతాడు, మిగతావాళ్లు పరుగెత్తుతారు. ఆలోచించడానికి ఏమీ లేదు.

అందరూ ఎత్తిచూపే రెండో లోపం ఫ్లాష్‌బ్యాకులు. మొదటి సీజన్ చివర్లో కత్తి పట్టినవాడు ఎదురుగా ఉండగానే ఆటగాళ్లలో ఒకరైన కుయినా గతం తెర మీదికొస్తుంది. ఆ కత్తి పట్టినవాడి గతమూ వస్తుంది. డైమను రాజు ఆటలో లాయరు కుజుర్యు, డాక్టరు చిషియా ఎందుకలా తయారయ్యారో యాసిడ్ కింద కూర్చున్నప్పుడే తెలుస్తుంది. ఆట చూపించకుండా ఏడుపులేమిటని విసుగు పుట్టడం సహజం. ఏడుపు తీసేసి ఆటను మాత్రమే ఉంచితే బాగుండేదని తీర్పు చెప్పడమూ తేలికే.

ఆ తీర్పుకు అడ్డు తగిలేది జగిత్యాల జిల్లా లంబాడిపల్లి గంగవ్వ. 2020 సెప్టెంబరులో తెలుగు బిగ్‌బాస్ నాలుగో సీజన్‌లోకి ఆమె వెళ్లింది. ఒక్కొక్కరినీ ఏరివేసే ఆట అది కూడా, పోయేది ప్రాణం కాదంతే. పోటీదారుల్లో పేరున్న నటులున్నారు, యాంకర్లున్నారు. గంగవ్వకు టాస్కుల్లో ఉరకడం చేతకాదు, ఎత్తులు వేయడమూ రాదు. ఆట వరకే చూస్తే మొదటి వారమే బయటికి రావాలి. అయిదో వారం దాకా ఉంది. జనం ఓట్లతో పంపేస్తే కాదు, ఆరోగ్యం సహకరించక తానే బయటికొచ్చింది. 2024లో ఎనిమిదో సీజన్‌కు వైల్డ్‌కార్డుగా మళ్లీ పిలిచారు. కారణం దాపరికం లేనిది. శ్రీకాంత్ శ్రీరామ్ నడిపే ‘మై విలేజ్ షో’ వీడియోల్లో ఆమె మాట, తిట్టు, నవ్వు ఏళ్ల తరబడి ఫోన్లలో చూసినవాళ్లే ఓట్లేశారు. ఆమె ఎవరో ఆటకు ముందే తెలుసు. సిరిసిల్లకు చెందిన వేణు యెల్దండి 2023లో తీసిన ‘బలగం’ సినిమాదీ ఇదే కిటుకు. అందులో కొమురయ్య ఊరంతా తిరిగి కనబడ్డవాళ్లనల్లా పలకరించాకే చనిపోతాడు. అందుకే ఆ తర్వాత కాకి పిండం ముట్టకపోతే థియేటర్ థియేటరంతా ముక్కు చీదింది.

ఇదే కొలతతో మొదటి సీజన్ మూడో ఎపిసోడ్‌లోని ఆఠీను ఏడును చూడాలి. నలుగురి మెడలకు పేలిపోయే పట్టీలు. ఒకరు తోడేలు, ముగ్గురు గొర్రెలు. తోడేలు కళ్లలోకి చూసినవాళ్లు తోడేలైపోతారు, పాత తోడేలు గొర్రె అవుతుంది. గడువు ముగిసేసరికి తోడేలుగా ఉన్నవారొక్కరే బతుకుతారు. మొదట ముగ్గురు సోపతిగాళ్లూ కొట్టుకుంటారు. ఆఖరికి తోడేలు అరిసు. కరుబే, చోటా అతని కంట పడకుండా పొదల చాటున దాక్కుంటారు. వాళ్లను వెతుక్కుంటూ అరిసు అరుస్తూ తిరుగుతాడు. మూడు సీజన్లలో కెల్లా కన్నీళ్లు ఎక్కువున్న ఆట ఇదే. అన్నిటికంటే గట్టి ఆటా ఇదే. ఇక్కడ ఏడుపు అడ్డురాలేదు, ఎందుకంటే ఆ ముగ్గురితో ప్రేక్షకుడు అప్పటికే రెండు ఎపిసోడ్లు గడిపాడు. అదే ఆటలో నాలుగో మనిషి షిబుకి ఆఫీసు గోడు చావు దగ్గరపడ్డాక చెబితే ఎవరికీ పట్టలేదు. కాబట్టి తప్పు ఫ్లాష్‌బ్యాకుది కాదు, దాన్ని ఆలస్యంగా వడ్డించడంలో ఉంది. కుయినా కథ పోట్లాటకు రెండు ఎపిసోడ్ల ముందు వచ్చి ఉంటే, ఆ ఒక్క దెబ్బలాట సీజన్ ముగింపునే నిలబెట్టేది.

రెండో సీజన్ చివర్లో అసలు సంగతి బయటపడుతుంది. షిబుయా మీద ఉల్క పేలింది, గుండె ఆగినవాళ్లు ఆ కాసేపట్లో చావుబతుకుల సరిహద్దులో ఆడిన ఆటలివన్నీ. మోసం చేశారని కొందరు కోప్పడ్డారు గానీ, మాంగా ముగింపు కూడా అదే, పేరులోనే సరిహద్దు ఉంది. కథ అక్కడితో నిండుగా ముగిసింది. మూడో సీజన్ దానికి కొసరు. ఆరు ఎపిసోడ్లలో అరిసును, అతని సహచరి ఉసాగిని మళ్లీ లోపలికి లాగి, పక్కన దాదాపు కొత్తవాళ్లనే నిలబెట్టారు. వాళ్లతో పరిచయం పెంచుకునే తీరిక మళ్లీ ఇవ్వలేదు.