చెవితో రాసే రాత

బెంగళూరు మహదేవపురలోని సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో ఇప్పుడు మీటింగు ముగిసేసరికి మాటలన్నీ తెరమీద అక్షరాలై కనిపిస్తున్నాయి. ఎవరు ఏమన్నారో కంప్యూటరే రాసిపెడుతోంది. మారతహళ్లి నుంచి వైట్‌ఫీల్డ్ దాకా ఈ కొలువుల్లో ఉన్న తెలుగు పిల్లలకు ఇది మామూలు సంగతి. ఈ పనినే వాళ్ల తాతల తరం పెన్సిలుతో, రూళ్ల నోటుబుక్కులో చేసింది. నిమిషానికి వంద, నూట ఇరవై మాటల చొప్పున సాగిపోయే ఉపన్యాసాన్ని జారిపోకుండా పట్టుకుంది. ఆ విద్య షార్ట్‌హ్యాండ్. పుస్తకాల్లో దాన్ని శీఘ్రలిపి అన్నా, జనం నోట మాత్రం ‘టైపూ షార్ట్‌హ్యాండూ’ అని జంటగానే పలికేది.

దక్షిణాది మధ్యతరగతి ఇళ్లలో ఎన్నో పొయ్యిలు వెలిగింది ఈ జంట విద్యతోనే. బడి చదువు కాగానే సాయంత్రంపూట ఇన్‌స్టిట్యూట్‌లో చేరడం, లోయరూ హయ్యరూ పరీక్షలు పాసవడం, ఆ సర్టిఫికెట్లు పట్టుకుని మద్రాసుకో బొంబాయికో ఢిల్లీకో రైలెక్కడం గత శతాబ్దం నడిమి దశాబ్దాల్లో తెలుగు, తమిళ, మలయాళ యువకులకు అలవాటైన దారి. ఎందరో ఆడపిల్లలు తొలిసారి ఆఫీసు గడప తొక్కిందీ ఈ విద్య బలంతోనే. తర్వాతి తరం హైదరాబాదు అమీర్‌పేటలోనో మారతహళ్లిలోనో కోర్సు చేసి మహదేవపురలో ఉద్యోగాలకు చేరింది. అయితే షార్ట్‌హ్యాండును ఉద్యోగం తెచ్చిపెట్టిన కోర్సుగా మాత్రమే గుర్తుంచుకుంటే దానికి అన్యాయం చేసినట్టే. అది ముందు వినడం నేర్పే విద్య. రాయడం ఆ తర్వాతి మాట.

పలికిందే గీత

మన దేశంలో ఎక్కువమంది నేర్చుకున్నది పిట్‌మన్ పద్ధతి. ఐజాక్ పిట్‌మన్ అనే ఇంగ్లండు బడిపంతులు 1837లో దాన్ని ప్రచురించాడు. శీఘ్రలిపులు అంతకుముందూ ఉన్నాయి. పిట్‌మన్ చేసిన పెద్ద పని స్పెల్లింగును పక్కనపెట్టి ధ్వనిని పట్టుకోవడం. నోట పలికింది రాయాలి, పలకని అక్షరం జోలికి పోకూడదు. తెలుగు చదివినవాళ్లకు ఈ సూత్రం తేలిగ్గా ఒంటబడుతుంది. మన వర్ణమాల కూడా శబ్దం నోట్లో పుట్టే చోటును బట్టే వరసలు కట్టుకుంది కదా!

పిట్‌మన్ గీతల్లోనూ అలాంటి పొందికే ఉంది. ఎడమ పైనుంచి కుడి కిందికి వాలుగా జారే సన్నని గీత ‘ప’. అదే గీతను కాస్త ఒత్తి లావుగా గీస్తే ‘బ’. నిలువు గీత సన్నగా ఉంటే ‘ట’, లావుగా ఉంటే ‘డ’. అడ్డగీత సన్నగా ‘క’, లావుగా ‘గ’. నోట్లో ఒకే చోట పుట్టే జంట శబ్దాలకు కాగితం మీదా ఒకటే గీత, తేడా ఒత్తిడిలోనే. అందుకే షార్ట్‌హ్యాండు రాసే స్టెనోలు మెత్తని పెన్సిలో, ఒత్తితే విచ్చుకునే పాళీ ఉన్న పెన్నో ఏరికోరి కొనుక్కునేవాళ్లు.

హల్లులు గీతలైతే అచ్చులు చుక్కలూ చిట్టి గీతలూ. దీర్ఘాచ్చుకు లావు గుర్తు, హ్రస్వానికి సన్న గుర్తు. అవి హల్లు గీత మొదట్లో ఉన్నాయా, నడుమ ఉన్నాయా, చివర ఉన్నాయా అన్నదాన్ని బట్టి శబ్దం మారుతుంది. ఆరు దీర్ఘాచ్చుల వరస గుర్తుండటానికి ‘పా మే వీ ఆల్ గో టూ’ అనీ, హ్రస్వాలకు ‘దట్ పెన్ ఈజ్ నాట్ మచ్ గుడ్’ అనీ విద్యార్థులు వల్లెవేసేవాళ్లు.

చేయి వేగం అందుకున్నాక ఆ చుక్కలు పెట్టే తీరిక ఉండదు. అప్పుడు అచ్చు సంగతి చెప్పేది రూలుగీత. ఇంగ్లీషులో టాక్, టేక్, టుక్ అనే మూడు మాటల్లోనూ హల్లులు ట, క మాత్రమే. నిలువు గీత, దాని కాళ్ల దగ్గర నుంచి ఒక అడ్డగీత. ఈ రూపాన్ని రూలుకు పైన రాస్తే టాక్, రూలు మీద నిలబెడితే టేక్, రూలును కోసుకుంటూ రాస్తే టుక్. చుక్క పెట్టకపోయినా మాట తెలిసిపోతుంది. రాసినదే కాకుండా రాసిన చోటు కూడా అక్షరంగా పనిచేస్తుంది.

ఇక కుదింపు. ‘ప’ గీత మొదట ఒక చిన్న కొక్కెం తగిలిస్తే ‘ప్ర’. గీత చివర మరో కొక్కెం తగిలిస్తే ‘న’ చేరుతుంది. ఆ గీతనే సగానికి కురచ చేస్తే ‘ట’ చేరుతుంది. అంటే రెండు వైపులా కొక్కేలున్న ఒక్క పొట్టి గీతలో ‘ప్రింట్’ మొత్తం ఇమిడిపోయింది. మొదటి కొక్కేన్ని మూసి చిన్న సున్నాగా చుడితే ముందుకు ‘స’ వచ్చి ‘స్ప్రింట్’ అవుతుంది. చివరి కొక్కేన్నీ అలాగే చుడితే ‘స్ప్రింట్స్’. పెన్సిలు కాగితం మీంచి లేవకుండా, వేలిగోరంత కూడా లేని గుర్తులో ఆరు హల్లులు. నూట ఎనభై ఏళ్లు దాటిన ఈ అమరికలో ఇంత ఆలోచన దాగి ఉందని తెలిసినప్పుడు చేతులు జోడించాలనిపిస్తుంది.

వీటి మీద గ్రామలాగులు, అంటే తరచూ వచ్చే మాటలకు ముందే కుదుర్చుకున్న పొట్టి రూపాలు. ఆపైన ఫ్రేజులు. కోర్టులో, సభలో పదే పదే వినిపించే నాలుగైదు మాటల వరసను ఒకే రూపంగా కలిపేస్తారు. కొన్ని మాటలకు వేరే గుర్తే అక్కర్లేదు. ముందున్న మాట మీదుగా ‘ప’ గీతను కోస్తే ‘పార్టీ’, ‘క’ గీతను కోస్తే ‘కంపెనీ’.

చెవికీ చేతికీ నడుమ

గుర్తులన్నీ బట్టీపట్టినంత మాత్రాన స్టెనో అయిపోరు. మామూలు చేతిరాత నిమిషానికి పాతిక, ముప్ఫై మాటలు దాటదు. మాట్లాడేవాడు అంతకు నాలుగైదు రెట్ల వేగంతో వెళ్తుంటాడు. కొత్తగా నేర్చుకునేవాళ్లు విన్న మాటను విన్నట్టే అక్కడికక్కడ రాసేయాలని తొందరపడి, ఒక్క కష్టమైన మాట దగ్గర ఆగి, తర్వాతి వాక్యం మొత్తం పోగొట్టుకుంటారు. చేయి తిరిగినవాళ్లు మాట్లాడేవాడికి కొన్ని మాటలు వెనకే నడుస్తారు. చేయి పాత మాటలు రాస్తుంటే చెవి కొత్తవాటిని అందుకుంటుంది. రెంటికీ నడుమ ఆ కాసిన్ని మాటలనూ మనసు మోస్తుంది. ఎడమచేతి వేళ్లు ఈలోగా కాగితం అంచు పట్టుకుని తిప్పడానికి సిద్ధంగా ఉంటాయి. ఇది నెలల తరబడి రోజూ కూర్చుంటే తప్ప రాదు. ఒకే పేరాను ఎనభై స్పీడులో, తొంభైలో, వందలో మళ్లీ మళ్లీ రాయాల్సిందే.

రాసినదాన్ని తిరిగి మామూలు భాషలోకి తేవడం విద్యలో రెండో సగం. కేంద్రప్రభుత్వ స్టాఫ్ సెలక్షన్ కమిషన్ ఇప్పటికీ పెట్టే స్టెనోగ్రాఫర్ పరీక్షలో గ్రేడ్ సి అభ్యర్థికి నిమిషానికి 100 మాటల వేగంతో, గ్రేడ్ డి అభ్యర్థికి 80 మాటల వేగంతో పది నిమిషాలు డిక్టేషన్ ఇస్తారు. దాన్ని ఇంగ్లీషులో తిరగరాసి టైపు చేయడానికి గ్రేడ్ సికి 40 నిమిషాలు, గ్రేడ్ డికి 50 నిమిషాలు గడువు. పది నిమిషాలు విన్నదానికి నలభై నిమిషాల పని ఎందుకంటే, కామా ఎక్కడ పడాలి, రెండు రకాలుగా చదవగలిగే గీతకు ఇక్కడ ఏ అర్థం కుదురుతుంది అన్నవి స్టెనో తన భాషాజ్ఞానంతో తేల్చాలి. మంచి స్టెనోలకు మంచి భాష ఉండేది అందుకే.

తెలుగు పెట్టే పరీక్ష

ఈ విద్య తెలుగులోకీ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర సాంకేతిక విద్యా, శిక్షణ మండలి ఇంగ్లీషుతోపాటు తెలుగు షార్ట్‌హ్యాండులోనూ పరీక్షలు నిర్వహిస్తూ వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ చర్చల సంపుటాలు తెరిస్తే ఒకే పుటలో తెలుగూ, ఇంగ్లీషూ, కొన్నిచోట్ల ఉర్దూ కనిపిస్తాయి. సభ్యుడు ఏ భాషలో లేస్తే ఆ భాషలో అందుకునే రిపోర్టర్లు వంతులవారీగా కూర్చుని పట్టిన మాటలవి. ఒకరు కొన్ని నిమిషాలు రాసి లేస్తే మరొకరు ఆ చోట కూర్చుంటారు. లేచినవారు వెళ్లి తమ వంతును తిరగరాస్తారు. సభ మాత్రం ఆగదు.

తెలుగుకు దానిదైన చిక్కు ఉంది. మనది అజంత భాష, మాట బరువంతా చివరి అచ్చు మీద ఉంటుంది. ‘వచ్చాడు’, ‘వచ్చాడా’, ‘వచ్చాడే’. మూడింటికీ హల్లులు అవే. మొదటిది సమాచారం, రెండోది ప్రశ్న, మూడోదాంట్లో ఆశ్చర్యమో నిష్ఠూరమో ఉంది. కోర్టులో సాక్షి నోట వచ్చిన మాటకు ఈ తేడా ప్రాణం. ఇంగ్లీషులోలాగా అచ్చులు వదిలేసి హల్లుల అస్థిపంజరం రాసుకుంటే తెలుగులో కుదరదు. పైగా ఇంగ్లీషువాడు ఐదారు మాటల్లో చెప్పేదాన్ని మనం ‘రాలేకపోయానంటున్నాడు’ అని ఒక్క మాటలో ముగిస్తాం. అందుకే నిమిషానికి ఇన్ని మాటలు అనే లెక్క చూసి తెలుగు స్టెనో వేగం తక్కువ అనుకోవడం పొరపాటు. ఆ ఒక్కొక్క మాట కడుపులో ఒక వాక్యం ఉంటుంది.

నోటుబుక్కుల బతుకు

షార్ట్‌హ్యాండు లేకపోతే మనకు దక్కనివి ఎన్నో ఉన్నాయి. జోసయ్య జాన్ గుడ్విన్ అనే ఇంగ్లండు యువకుడు 1895 డిసెంబరులో న్యూయార్కులో స్వామి వివేకానందకు స్టెనోగా కుదిరాడు. జీతానికి వచ్చినవాడు శిష్యుడైపోయాడు. అమెరికా, ఇంగ్లండు ఉపన్యాసాలూ, 1897లో కొలంబోలో దిగింది మొదలు మద్రాసు మీదుగా ఉత్తరాది దాకా చేసిన ప్రసంగాలూ చాలావరకు అతని పెన్సిలు పుణ్యమా అని పుస్తకాలయ్యాయి. 1898 జూన్ 2న, ముప్ఫై ఏళ్లైనా నిండకుండానే, ఊటీలో జ్వరంతో చనిపోయాడు. తిరగరాయకుండా మిగిలిన అతని నోట్సు ఇంగ్లండులోని తల్లికి చేరవేశారు. ఆ తర్వాత వాటి జాడ దొరకలేదు.

ఇందుకు భిన్నమైన కథ శామ్యూల్ పీప్స్‌ది. 1660 నుంచి 1669 దాకా అతడు శీఘ్రలిపిలో రాసుకున్న లండన్ డైరీ నూట యాభై ఏళ్లు చదివే దిక్కులేక పడి ఉంది. జాన్ స్మిత్ అనే యువకుడు 1819లో మొదలుపెట్టి మూడేళ్లు కూర్చుని దాన్ని విప్పాడు. ఆ లిపి నేర్పే పుస్తకం పీప్స్ గ్రంథాలయంలోనే ఉందని స్మిత్‌కు తెలియలేదు. శీఘ్రలిపి నోటుబుక్కు కాగితంగా మిగిలితే చాలదు, చదవగల మనిషి కూడా మిగలాలి.

ఇప్పుడు ఆ మనుషులు తగ్గిపోతున్నారు. అధికారులే కంప్యూటర్ మీద టైపు చేసుకోవడం మొదలయ్యాక డిక్టేషన్ అలవాటు పోయింది. గోద్రెజ్ అండ్ బాయిస్ టైపురైటర్ల తయారీ ఆపేసిందన్న వార్త 2011లో వచ్చింది. టైపు మిషన్లతోపాటు ఇన్‌స్టిట్యూట్లూ మూతబడ్డాయి. అయినా విద్య పూర్తిగా పోలేదు. ఐటీఐల్లో స్టెనోగ్రాఫర్ ట్రేడు ఉంది. కర్ణాటకలోనూ బోర్డు షార్ట్‌హ్యాండు పరీక్షలున్నాయి. న్యాయమూర్తి తీర్పు చెబుతుంటే పక్కన నోటుబుక్కుతో కూర్చునే స్టెనోలు ఇంకా ఉన్నారు. పరీక్షలకు తయారయ్యే పిల్లలు యూట్యూబ్‌లో డిక్టేషన్లు పెట్టుకుని సాధన చేస్తున్నారు.

ఎవరు జవాబుదారీ?

యంత్రం రాయగలిగినప్పుడు మనిషి ఎందుకు అనే ప్రశ్న సహజమే. గంటల కొద్దీ మాటలను అలుపు లేకుండా రాసే యంత్రం వల్ల, ముఖ్యంగా చెవి వినబడనివారికి, ఎంతో మేలు జరుగుతోంది. దాన్ని కాదనక్కర్లేదు. కానీ మహదేవపుర మీటింగుల్లో మన మాట తెలుగులో మొదలై ఇంగ్లీషులోకి దూకి కన్నడంలో ముగుస్తుంది. అక్కడ సరిగా అందని మాట వచ్చినప్పుడు యంత్రం తరచు దానికి దగ్గరగా ఉన్న మరో మాటను పెట్టి సాగిపోతుంది. ఆ వాక్యం చదవడానికి నున్నగానే ఉంటుంది. తప్పు జరిగిందన్న ఆనవాలు కూడా ఉండదు. స్టెనో అలా చేయడు. అందని మాట దగ్గర ఖాళీ వదిలి, పక్కన గుర్తు పెట్టుకుని, లేచి వెళ్లి “ఇక్కడ ఏమన్నారండీ?” అని అడుగుతాడు. తనకు తెలియనిది తెలియదని కాగితం మీదే ఒప్పుకోవడం ఆ వృత్తి ధర్మం. తిరగరాసిన ప్రతిలో ప్రతి మాటకూ ఒక మనిషి పూచీ పడతాడు.

ఆ ధర్మాన్ని నిలబెట్టుకోవాలంటే చేయగలిగిన పనులున్నాయి. ఇంట్లో స్టెనోగా పనిచేసిన పెద్దవాళ్లుంటే, వాళ్ల పాత నోటుబుక్కుల్లో బయట పెట్టగలిగినవాటిని వాళ్ల చేతే చదివించి రికార్డు చేయండి. ప్రతి పుటనూ ఫొటో తీసి ఆ చదివింపుతో జతచేయండి. మాటను గుర్తుపట్టే ప్రోగ్రాములు రాసే తెలుగు ఇంజనీర్లు మహదేవపురలో కావలసినంతమంది ఉన్నారు. తెలుగు శీఘ్రలిపిని చదివే సాధనం తయారుచేయడం వాళ్లకు చేతకాని పని కాదు. అయితే ఏ గీత ఏ మాటో మొదట చెప్పాల్సింది ఆ విద్య నేర్చిన పెద్దలే. అందని మాట దగ్గర ఆగి అడగాలన్న పాఠాన్ని కూడా ఇంజనీర్లు వాళ్ల దగ్గరే నేర్చుకుని తమ యంత్రాలకు నేర్పాలి. ఆ పెద్దలకు వయసు మీదపడుతోంది కాబట్టి ఈ పని ఇప్పుడే మొదలుకావాలి.