డాబాల మీది విద్య

వైర్లు లేకుండా, ఒక రేడియో నుంచి ఇంకో రేడియోకి అందిస్తూ ప్యాకెట్‌ను ఊరు దాటించడం కూడా ఒక కళేనా అని నవ్వేవాళ్ళుంటారు. వాళ్ళు ముందు డగ్లస్ డి కూటో, రాబర్ట్ మోరిస్ బృందం 2003లో ఎంఐటీలో చేసిన పని చూడాలి. 29 వై-ఫై నోడ్లు పెట్టి, ఒకదాని మీదుగా ఒకటి డేటా పంపి చూశారు. అప్పటిదాకా చాలామంది నమ్మిన సూత్రం, హాపులు, అంటే ఒక రేడియో నుంచి ఇంకోదానికి వేసే గంతులు, తక్కువున్న దారే మంచి దారి అని. కానీ హాపులు తగ్గాలంటే ఒక్కో హాపూ పొడుగు కావాలి. పొడుగు హాపంటే వినీ వినపడని లింకు. అంటే ఇన్నేళ్ళూ ఆ సూత్రం ఏరి కోరి నాసి లింకుల్నే పట్టుకొస్తోందన్నమాట!

దానికి వాళ్ళు కనిపెట్టిన విరుగుడు పేరు ఈటీఎక్స్. ఎంత చిన్న లెక్కో చూడండి. ప్రతి నోడూ సెకనుకో ప్రోబ్ ప్యాకెట్ వదులుతుంది. మనవి పదిలో పక్కవాడికి ఎన్ని అందాయి, వాడివి మనకెన్ని అందాయి అన్న రెండు భిన్నాల్నీ గుణించి, ఒకటిని ఆ లబ్ధంతో భాగించాలి. ఒక ప్యాకెట్ క్షేమంగా చేరడానికి సగటున ఎన్నిసార్లు పంపాల్సొస్తుందో తేలిపోతుంది. రెండువైపులా ఎందుకంటే, ప్యాకెట్ చేరినా రసీదు తిరిగి రాకపోతే పంపినవాడు మళ్ళీ పంపుతాడు కాబట్టి. అటూ ఇటూ సగం సగమే అందే లింకు విలువ 4. పదికి తొమ్మిది అందే లింకు విలువ 1.23. అలాంటివి రెండు కలిపినా రెండున్నర దాటదు. ఎక్కడా ఆగని ఎక్స్‌ప్రెస్ కోసం రోడ్డు మీద గంటలు నిలబడేకన్నా రెండు పల్లెవెలుగులు మారి ముందే ఇల్లు చేరడం లాంటిదిది. హాపులు ఎక్కువున్న దూరపు జతల మధ్య వేగం చాలాసార్లు రెట్టింపు, అంతకన్నా ఎక్కువ కూడా అయింది.

ఆ జట్టు అంతటితో ఆగలేదు. ఎంఐటీ ఉన్న కేంబ్రిడ్జి ఊళ్ళో ఇష్టపడ్డవాళ్ళ ఇళ్ళ కప్పుల మీద యాంటెన్నాలు పెట్టించి రూఫ్‌నెట్ నడిపారు. నాలుగు చదరపు కిలోమీటర్లలో 37 నోడ్లు. ఏ నోడ్ ఎక్కడుండాలో ఎవరూ ప్లాను గీయలేదు. అయినా నోడ్ల మధ్య సగటున సెకనుకు 627 కిలోబిట్లు నడిచింది. 2005లో సంజిత్ బిస్వాస్, మోరిస్ ఇంకో అడుగు ముందుకేశారు. ఎక్సార్ అనే ఆ పద్ధతిలో దారి ముందే రాసిపెట్టుకోవడం లేదు. ప్యాకెట్‌ను గాల్లోకి వదలడం, విన్నవాళ్ళలో గమ్యానికి ఎవరు దగ్గరుంటే వాళ్ళు ముందుకు పంపడం. గాలి ఎటూ అందరికీ వినపడుతుంది కదా, ఆ అదృష్టాన్ని ఎందుకు వృథా చేసుకోవాలన్న ఆలోచన! ఆహా అనకుండా ఉండలేను.

పాత చరిత్ర ఒక్క ముక్కలో: ఈ విద్య 1970లలో అమెరికా రక్షణశాఖ డబ్బుతో, కాలిఫోర్నియాలో ఒక వ్యానులో రేడియో పెట్టి తిప్పడంతో మొదలైంది. 1994లో చార్లెస్ పెర్కిన్స్, మన ప్రవీణ్ భాగవత్ కలిసి డీఎస్‌డీవీ అనే దారి చూపే ప్రోటోకాల్ ఇచ్చారు. గమ్యం తన కబురుకు పెరుగుతూ పోయే సరిసంఖ్య వేస్తుంది, దారి తెగిందని చెప్పేవాడు బేసిసంఖ్య వేస్తాడు. పాత కబురు కొత్తదిగా చెలామణీ కాకుండా అంతే చాలు. అవసరమైనప్పుడే దారి వెతికే ఏఓడీవీ ఆ తర్వాత వచ్చింది.

నా పక్షపాతం మాత్రం బెర్లిన్ కుర్రాళ్ళ మీద. ఫ్రైఫుంక్ అనే సముదాయంలోనివాళ్ళు. ఫ్రాన్సు పరిశోధకులు రాసిన ఓఎల్‌ఎస్‌ఆర్ ప్రోటోకాల్‌ను తెచ్చి తమ డాబాల మీద పెడితే దారులు నిలవలేదు. కాగితం మీద ఎంతో అందంగా ఉన్న భాగాల్ని ఒక్కొక్కటిగా ఆపేసి, ఈటీఎక్స్ అతికించి నడిపించారు. నోడ్లు వందల్లోకి వెళ్ళేసరికి, నెట్‌వర్కు మొత్తం పటాన్ని మళ్ళీమళ్ళీ లెక్కవేయలేక చిన్న రౌటర్లు రొప్పాయి. దాంతో పటమే వద్దనుకుని బ్యాట్‌మ్యాన్ అనే సొంత ప్రోటోకాల్ రాసుకున్నారు. దూరపు నోడ్ కబుర్లు ఏ పొరుగువాడి ద్వారా బాగా అందుతున్నాయో గమనించు, ప్యాకెట్ వాడికివ్వు, మిగతాది వాడి బాధ్యత. దాని తర్వాతి రూపం 2011లో లినక్స్ కెర్నెల్‌లోకి ఎక్కింది. కాన్ఫరెన్సు పేపర్లలో ఎన్నున్నా అలా ఎక్కినవి ఎన్నని!

ఇక కడుపుమంట సంగతి. అమీర్‌పేటలో డబ్బు కడితే ఫైనలియర్ ప్రాజెక్టు దొరుకుతుంది. "మెరుగుపరచిన ఏఓడీవీ" అని పేరు, ఎన్‌ఎస్-2 సిమ్యులేటర్ కోడు, పైకి పోయే నాలుగు గ్రాఫులు, వైవాలో చెప్పాల్సిన జవాబులతో సహా. తెర మీద రేడియోల చుట్టూ గుండ్రటి వలయాలు. అసలు ఏ రేడియో అయినా గుండ్రంగా వినపడిందా? నేల బల్లపరుపు, నేను వింటే నువ్వూ వింటావు, వినపడితే పూర్తిగా వినపడుతుంది లాంటి నమ్మకాలు ఎంత తప్పో డార్ట్‌మత్‌లో డేవిడ్ కాట్జ్ బృందం 2004లోనే కొలిచి చూపింది. ఆ సిమ్యులేషన్లలో నోడ్లు తిరిగే తీరు మరీ ఘోరం. కనిష్ఠ వేగం సున్నా అని వదిలేస్తే, కాలం గడిచేకొద్దీ నోడ్ల సగటు వేగం పడిపోతూనే ఉంటుంది. దారి బాగా నిలుస్తోందని గ్రాఫు మురిసిపోతుంది, నోడ్లేమో కాళ్ళీడుస్తుంటాయి!

తప్పంతా అమీర్‌పేటదే అననులెండి. 2000 నుంచి 2005 దాకా మోబీహాక్ సదస్సులో వచ్చిన 151 పేపర్లను తిరగేస్తే 114 సిమ్యులేషన్ వాడాయి. వాటిని చూసి తిరిగి చేయగలిగినవి బహు తక్కువని తేలింది. పెద్దలే అలా ఉంటే పిల్లల్ని ఏమనగలం? బజార్లో మెష్ అని అట్టపెట్టె మీద అచ్చేసి అమ్మే సరుకు సంగతి సరేసరి. ఒకే రేడియో ఉన్న పెట్టెలో అదే వినాలి, అదే చెప్పాలి. మధ్యలో ఒక్క పెట్టె చేరితేనే వేగం సగానికి పడుతుంది. పెట్టె మీద మాత్రం ఆ ముక్క కనపడదు.

ప్రొఫెసర్లకు నా విన్నపం ఒక్కటే. హాస్టలు డాబా ఉంది, మూలన పడేసిన పాత రౌటర్లున్నాయి, వాటిలో వేసే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ సాఫ్ట్‌వేర్ ఉచితం. అయిదు పెట్టించి, వానలో ఒకసారి, ఎండలో ఒకసారి కొలిపించండి. సిమ్యులేషన్‌లో కనపడనిది అక్కడ కనపడుతుంది: పొరుగును పలకరించే హలో ప్యాకెట్ చిన్నది, నెమ్మది వేగంతో వెళ్తుంది కనుక దూరం పోతుంది. డేటా ప్యాకెట్ పెద్దది, వేగం ఎక్కువ, అంత దూరం చేరదు. స్వీడన్‌లోని ఉప్సాలా పరిశోధకులు ఈ మాయను ఏఓడీవీ నడిపిస్తూ 2002లో పట్టుకున్నారు. వైవాలో గ్రాఫు పక్కన పెట్టించి అడగండి: హలో వినపడి డేటా అందని లింకు మీ డాబా మీద ఎక్కడుంది?