రింగు కొసల లెక్క

పాత డాట్సన్ 240జెడ్‌కు టర్బో ఇంజిను కట్టాలనుకునే అమెరికా మెకానిక్కుల్లో చాలామంది వెతికేది ఎల్28ఈటీ కోసమే. 1981లో 280జెడ్‌ఎక్స్ టర్బో కారుతో వచ్చింది. 2.8 లీటర్లు, ఇనుప బ్లాకు, ఒకే వరుసలో ఆరు సిలిండర్లు. ఈ అమరికలో పిస్టన్ల ఊపులు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. అందుకే అంత నున్నగా తిరుగుతుంది. కంప్రెషన్ నిష్పత్తి 7.4 మాత్రమే. గాలిని టర్బో ముందే కుక్కి పంపుతుంది కదా, లోపల మరీ నొక్కితే పెట్రోలు వేళకాని వేళ భగ్గుమని పిస్టన్‌ను చితక్కొడుతుంది.

నాకు ముచ్చటేసేది పిస్టన్ రింగుల పని. రింగును సిలిండరు బోరులో సమంగా దించి, రెండు కొసల సందులో ఫీలర్ గేజి రేకు దూర్చి చూస్తారు. టర్బో వేడికి రింగు సాగుతుంది. సందు చాలకపోతే కొసలు ఢీకొని పిస్టన్ అంచే విరగొచ్చు. కాబట్టి కొసను రవ్వంత అరగదీయడం, నూగు తీయడం, కడగడం, మళ్లీ కొలవడం. ఒక సిలిండరుకు సరిచేసిన రింగు ఆ సిలిండరుకే. పిస్టనుకు రెండు కంప్రెషన్ రింగులు, మొత్తం 12.

ఫోటోలన్నీ మెరిసే టర్బోకే, ఏం చేస్తాం! హెడ్డు బోల్టుల్ని మధ్య నుంచి బయటికి, విడతలుగా బిగించేటప్పుడు మాత్రం మెకానిక్కు చేతుల్ని తొందరపెట్టే ధైర్యం కారు యజమానికి కూడా ఉండదు.