తొమ్మిదిన్నర నవ్వు

అమెరికాలో రాత్రి పదకొండున్నర దాటాక మొదలయ్యే టీవీ నవ్వు మన దగ్గర తొమ్మిదిన్నరకే మొదలవుతుంది. మా చిక్కడపల్లి వాళ్లకు ఆ టైము అలవాటే. ఇంటింటికీ టీవీ రాకముందు నుంచీ అది ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో సెకండ్ షో వేళ. సంధ్య, దేవి, సుదర్శన్ గేట్ల దగ్గర ఫస్ట్ షో వాళ్లు బయటికీ సెకండ్ షో వాళ్లు లోపలికీ తోసుకునే వేళ. ఇళ్లలో సీరియళ్లు అయిపోయి, అన్నాలు తినేసి, అందరూ ఒకచోట కూలబడేదీ అప్పుడే. ఈటీవీ సరిగ్గా అక్కడ మాటు వేసింది. 2013 ఫిబ్రవరి 7, గురువారం ‘జబర్దస్త్’ మొదలుపెట్టింది. మరుసటి ఏడాది శుక్రవారానికి ‘ఎక్స్‌ట్రా జబర్దస్త్’ తోడైంది. 2016లో ‘ఆలీతో సరదాగా’ అంటూ ఆలీ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

నేనూ కొన్నాళ్లు ఒక చానల్లో కామెడీ స్కిట్లకు పంచులు రాశాను. ఏ చానల్ అన్నది ఇక్కడ అనవసరం. ఆ పనిలో ఉండగానే అర్థమైందేమిటంటే, లేట్ నైట్ హోస్టు అనే మనిషి మనకు లేడు. ఆ పని మాత్రం ఉంది. జానీ కార్సన్ 1962 నుంచి 1992 దాకా ‘టునైట్ షో’ నడిపాడు. ఆ రోజు పేపర్లో పడ్డవాటి మీద జోకులు వేసేదీ, అతిథిని కదిలించేదీ, అతిథి జోకేస్తే ముందుగా నవ్వేదీ ఆయనే. తన జోకు పేలకపోతే మొహం అదోలా పెట్టి, ఆ పేలకపోవడం మీదే ఇంకా పెద్ద నవ్వు రాబట్టేవాడు. మనవాళ్లు ఈ ఒక్క కొలువునూ మూడు వాటాలు వేశారు. మాటలు యాంకర్‌కి, పంచులు టీమ్ లీడర్‌కి, నవ్వు జడ్జికి. జబర్దస్త్ షోల్లో అనసూయ, రష్మి పిలిచేవాళ్లు. చమ్మక్ చంద్ర మొగుడూ పెళ్లాల గొడవ తెచ్చేవాడు. సుధీర్, శ్రీను, రాంప్రసాద్ ఒకళ్ల పరువు ఒకళ్లు తీసుకునేవాళ్లు. హైపర్ ఆదికి కథతో పని ఉండేది కాదు, నిలబడి ప్రాస మీద ప్రాస వదిలేవాడు. జడ్జి కుర్చీల్లో నాగబాబు, రోజా నవ్వేవాళ్లు. నాగబాబు పగలబడి నవ్వితేనే స్కిట్ పాసైనట్టు లెక్క. ఆ నవ్వుకున్న ధర ఎంతో 2019 నవంబరులో తెలిసింది. ఆయన జీ తెలుగుకు వెళ్లిపోయి, అక్కడ ‘అదిరింది’ పెట్టించాడు. కొందరు ఆర్టిస్టులూ వెంట వెళ్లారు. అది ఎక్కువ కాలం నిలవలేదు. తర్వాత స్టార్ మా ‘కామెడీ స్టార్స్’ తెచ్చింది. చూసేవాళ్లకు మాత్రం అవే మొహాలు, వేరే సెట్టింగు.

నిజానికి కార్సన్ పనికి దగ్గరగా వచ్చింది స్కిట్లు కాదు, వార్తలు. వీ6 చానల్లో ‘తీన్మార్ వార్తలు’. ఆ రోజు జరిగిందాన్ని ఆ రాత్రే ఆట పట్టించడం. బిత్తిరి సత్తి తెలివితక్కువవాడిలా అడిగే ప్రశ్నలో మంత్రిగారి మాట పొల్లు రాలిపోయేది. పక్కన సావిత్రి నవ్వాపుకుంటూ అతన్ని కసురుతుండేది. ఆమె కసురు లేకపోతే అతని అమాయకత్వం సగమే పేలుతుంది. సినిమాల్లో చాన్నాళ్లు రౌడీకీ పనివాడికీ పెట్టిన తెలంగాణ యాస, అక్కడ వార్తలు చదివి పెద్దమనుషుల్ని నిలదీసింది. సత్తి తర్వాత టీవీ9కి, అక్కణ్నుంచి సాక్షికి మారాడు. నా మటుకు నాకు, ఈ పదేళ్ల తెలుగు టీవీ హాస్యంలో మిగిలేది అదే. జబర్దస్త్ వాళ్లకు కోపమొచ్చినా సరే.

సరే, పని గురించి చెప్తాను. సాయంత్రాలు చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో సన్మాన సభలకు వ్యాఖ్యానం చెప్పడం నాకు పాత అలవాటు. ఇల్లు దగ్గరే, కాలినడకన వెళ్లొచ్చు. శాలువాలకీ దండలకీ మధ్య మిమిక్రీ కుర్రాడో, హాస్య ప్రసంగం చేసే పెద్దాయనో ఉంటారు. హాల్లో నవ్వు చెవికి తగులుతుంది. ముందు రెండు వరుసల్లో పుట్టి వెనక్కి పాకి, పైకి లేచి, దిగుతుంది. సగం పైన దిగాక తర్వాతి మాట అందుకోవాలి. ముందే అందుకుంటే ఎవరికీ వినపడదు. పూర్తిగా చల్లారనిస్తే మళ్లీ పొయ్యి రాజేసుకోవాలి. దీన్ని ఎవరూ నేర్పరు, ఎదురుగా కూర్చున్న రిటైర్డ్ ఉద్యోగులే నేర్పుతారు. నచ్చకపోతే మొహమాటం లేకుండా గొంతు సవరించుకుంటారు.

ఈ లెక్కతోనే చానల్‌కు ఒక స్కిట్ రాశాను. అశోక్ నగర్‌లో గ్రూప్స్‌కు చదివే కుర్రాడి గది. ఊరి నుంచి తండ్రి ఫోను. ‘ఏరా, నోటిఫికేషన్ వచ్చిందా?’ కొడుకు ఫోను చెవి దగ్గర్నుంచి తీసి చూసి, ‘వచ్చింది నాన్నా’ అంటాడు. తండ్రి మొహం వెలుగుతుంది. భుజం మీది తువ్వాలు దులిపి మళ్లీ వేసుకుంటాడు, లోపలికి చూసి పెళ్లాన్ని చేత్తో పిలుస్తాడు, ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి నిలబడుతుంది. అప్పుడు, ‘ఏమని వచ్చిందిరా?’ ‘రీచార్జ్ అయిపోవచ్చిందని.’ రిహార్సల్లో లైట్‌బాయ్స్ కూడా నవ్వారు. ప్రసారమైన రాత్రి చూస్తే తువ్వాలు లేదు, తల్లి లేదు. ‘వచ్చింది నాన్నా’ తర్వాత ‘టొయ్‌ఁయ్’ మని ఒక మోత, జడ్జిగారి నవ్వు ముక్క, వెంటనే రీచార్జ్. ఎడిటర్ మీద అరవబోతే అతను రేటింగుల గ్రాఫ్ చూపించాడు. అంతకుముందు వారాల్లో, తెర మీద ఎవరూ మాట్లాడని చోటల్లా గీత కిందికి జారింది. ‘ఖాళీ ఉంటే రిమోట్ నొక్కుతారు సార్’ అన్నాడు. అతని తప్పేం లేదు. నేను హాలుకు రాశాను, అతను మీటరుకు కోశాడు.

ఆ మీటరు సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఎంతమంది ఏం చూస్తున్నారో 2015 నుంచి లెక్క కడుతున్నది బార్క్ అనే సంస్థ. చానల్ శబ్దంలో మనకు వినపడని గుర్తు ఒకటి కలిపి పంపుతారు. మీటరున్న ఇంట్లో పెట్టె దాన్ని పసిగడుతుంది. ఎవరెవరు చూస్తున్నారో ఇంట్లోవాళ్లు బటన్ నొక్కి చెప్పాలి. దేశంలో టీవీ ఉన్న ఇళ్లు 21 కోట్ల పైనే ఉంటే, మీటర్లున్న ఇళ్లు 50 వేల పైచిలుకు. అవి ఎవరివో గుట్టు. మా అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు వాళ్లింట్లో ఉందని ఓ పుకారు, వాళ్లూ ఖండించరు. ఆ గుట్టు కొన్నిచోట్ల రట్టయిందనీ, నెలకు నాలుగైదు వందలిచ్చి ఫలానా చానల్ పెట్టి ఉంచమన్నారనీ 2020 అక్టోబరులో ముంబై పోలీసులు ఆరోపించాక, వార్తా చానళ్ల రేటింగులు 2022 మార్చి దాకా ఆగిపోయాయి. వినోదం చానళ్లవి ఆగలేదు. శనివారం నుంచి శుక్రవారం దాకా ఒక వారం, ఆ లెక్క బయటికొచ్చేది గురువారం. అంటే గురువారం రాత్రి వచ్చే షోకు ఆ పొద్దునే మార్కులొస్తాయి, ఆ రాత్రే అది మళ్లీ పరీక్షకు కూర్చుంటుంది. ఆ పూట ఆఫీసులో ఎవరూ జోకు వేయరు.

మీటరు ఉండేది ఇళ్లలో. హాస్టళ్లలో ఉండదు, టీ కొట్లో ఉండదు. సిటీ సెంట్రల్ లైబ్రరీ నుంచి అశోక్ నగర్ సందుల్లోకి దిగితే, గదికి ముగ్గురూ నలుగురూ చొప్పున ఎన్ని వేలమంది కుర్రాళ్లూ అమ్మాయిలూ ఉంటారో లెక్క చెప్పలేం. తొమ్మిదిన్నర దాటాక చదువు నుంచి తల తిప్పుకోవడానికి ఫోన్లో స్కిట్ పెట్టుకునేది వీళ్లే. యూట్యూబ్‌లో షోల వ్యూస్‌ను లక్షలకు తీసుకెళ్లింది ఇలాంటివాళ్లే. గురువారం కాగితంలో మాత్రం వీళ్ల ఊసుండదు. చిక్కడపల్లి హాల్లో గొంతు సవరించుకునే పెద్దాయనా అందులో లేడు, ఆ సాయంత్రం ఆయన ఇంట్లో లేడు కాబట్టి. అందుకే స్కిట్లన్నీ ఒకే ఇంటి సోఫాకు రాసినట్టుంటాయి. పెళ్లాం, అత్త, పక్కింటావిడ, ఆడవేషం.

రేటింగుల్లో ముందున్నా నెగ్గుతామన్న నమ్మకం ఇప్పుడు అమెరికాలోనూ లేదు. అప్పటికి పదకొండున్నర షోల్లో అందరికన్నా ఎక్కువమంది చూస్తున్న స్టీఫెన్ కోల్బేర్ షోను 2026 మేతో ఆపేస్తామని సీబీఎస్ 2025 జులైలోనే ప్రకటించింది. డబ్బు లెక్కలే కారణమంది. రాజకీయాలే అసలు కారణమని అనుమానించినవాళ్లూ ఉన్నారు. మన దగ్గర పెద్ద స్టార్లు గడియారాన్నే వదిలేశారు. బాలకృష్ణ ‘అన్‌స్టాపబుల్’ 2021లో ఆహా ఓటీటీలో వచ్చింది, ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసుకోవచ్చు. జబర్దస్త్ స్కిట్ల నుంచి వెళ్లిన వేణు 2023లో ‘బలగం’ తీశాడు. చావింట్లో కాకి ముట్టని పిండం చుట్టూ అల్లిన కథ. అందులో నవ్వులు ఆగి ఆగి వస్తాయి. ఆ ఆగడం స్కిట్లో అతనికి ఎవరిచ్చి ఉంటారు?

ఫోన్లో చూసేవాళ్లు పెరిగితే నా తువ్వాలు నాకు తిరిగొస్తుందని కొన్నాళ్లు ఆశపడ్డాను. రిమోట్ నొక్కే పెద్దాయన ఉండడు, పక్క చానల్ భయం ఉండదు. మొన్న అశోక్ నగర్ చాయ్ కొట్టు దగ్గర ఒక కుర్రాడు ఇండియన్ పాలిటీ గైడు మీద ఫోను ఆనించి స్కిట్ చూస్తున్నాడు. తెర మీద మనుషులు చీమల్లా పరుగెడుతున్నారు, గొంతులు సన్నగా కీచుమంటున్నాయి. ఇంత స్పీడేంటి తమ్ముడూ అన్నాను.

‘ఒకటిన్నర మీద పెట్టిన అన్నా. క్లాసులు గూడ గట్లనే జూస్త. నడుమ ఉత్తగ నిలబడేదంత తొందరగ పోతది.’

‘మరి నవ్వొస్తుందా?’

‘ఎందుకు రాదన్నా’ అని, నా వైపు చూడకుండానే నవ్వాడు.