ముందు సర్వరే పలికితే

వాన మొహం చాటేసే రాయలసీమలో ఎండకు మాత్రం ఎప్పుడూ కొదవ లేదు. ఆ ఎండనే కరెంటుగా మార్చి అమ్ముతున్న చోటు, ఉమ్మడి కర్నూలు జిల్లాలోని గని, శకునాల గ్రామాల దగ్గరున్న సౌర విద్యుత్ పార్కు. 2017లో పూర్తిగా పనిలోకి వచ్చింది. సామర్థ్యం 1000 మెగావాట్లు. దాదాపు 6 వేల ఎకరాల్లో 40 లక్షలకు పైగా సోలార్ ప్యానెళ్లు ఉన్నాయి. కడప జిల్లా మైలవరం మండలంలోనూ 1000 మెగావాట్ల పార్కు తలపెట్టారు. అందులో 250 మెగావాట్లకు 2017 ఏప్రిల్‌లో జరిగిన వేలంలో యూనిట్ ధర 3 రూపాయల 15 పైసలకు దిగింది. అంత తక్కువకు కరెంటు అమ్మేవాడికి, ప్యానెళ్ల కరెంటును గ్రిడ్‌కు పనికొచ్చేలా మార్చే ఇన్వర్టర్ ఆగితే నష్టం. ఆగిన సంగతి ఆలస్యంగా తెలిస్తే ఇంకా నష్టం.

ఇలాంటి ప్లాంట్లలో ఇన్వర్టర్లు, మీటర్లు, ఎండ తీవ్రతను కొలిచే పరికరాలు ఇచ్చే అంకెలన్నీ, ప్లాంటును ఒకచోటి నుంచి గమనించి నియంత్రించే స్కాడా వ్యవస్థలోకి చేరతాయి. కంట్రోల్ రూములో కూర్చున్నవాళ్లకు ఇబ్బంది లేదు, వాళ్ల తెరలు నేరుగా దానికే కట్టి ఉంటాయి. చిక్కంతా ఎక్కడో నగరంలోని ఆఫీసులో మామూలు బ్రౌజర్ తెరిచి చూసే మేనేజరుతో, మెయింటెనెన్స్ ఇంజనీరుతో వస్తుంది. ఎందుకంటే బ్రౌజర్ అడిగితేనే సర్వర్ జవాబిస్తుంది. వెబ్ పుట్టుకే అలాంటిది. చెప్పాల్సిన కబురు తన దగ్గరున్నా, అడగనిదే సర్వర్ నోరు విప్పదు.

దీనికి మొదట దొరికిన మందు పదేపదే అడగడం. కర్నూలు బస్టాండులో జమ్మలమడుగు బస్సు కోసం చూసేవాడు రెండేసి నిమిషాలకు ఎంక్వైరీ కిటికీ దగ్గరికెళ్లి “వచ్చిందా?” అని అడిగినట్టు. ఇది పోలింగ్. అడిగినవాణ్ణి అక్కడే నిలబెట్టి, బస్సు వచ్చాకే జవాబు చెబితే లాంగ్ పోలింగ్. ఎవరూ అడక్కుండానే మైకులో చెబితే పుష్. మొదటి పద్ధతికయ్యే ఖర్చు లెక్క వేసి చూడండి. 200 బ్రౌజర్లు రెండు సెకన్లకోసారి అడిగితే సెకనుకు 100 అభ్యర్థనలు, రోజుకు 86 లక్షల 40 వేలు. వాటిలో అధిక భాగానికి “కొత్తదేమీ లేదు” అన్నదే జవాబు.

సర్వరే ముందుగా పలకాలన్న ఆలోచన పాతదే. నెట్‌స్కేప్ 1995లోనే తన బ్రౌజరులో సర్వర్ పుష్‌కు వీలు కల్పించింది. తర్వాత లాంగ్ పోలింగ్ లాంటి ఉపాయాలన్నిటికీ కలిపి 2006లో వెబ్ ఇంజనీరు అలెక్స్ రస్సెల్ ‘కామెట్’ అని పేరు పెట్టాడు. అదే ఏడు ఒపెరా బ్రౌజర్, సర్వర్ నుంచి బ్రౌజరుకు ఒకవైపే కబుర్లు పంపే సర్వర్ సెంట్ ఈవెంట్స్‌ను ముందుగా అమలు చేసింది. ఇరువైపులా మాట్లాడుకునే వెబ్‌సాకెట్‌కు 2011 డిసెంబరులో ప్రమాణం ఖరారైంది. పెద్ద కంపెనీలు నమ్ముకున్న జావా ఈఈ అనే సర్వర్ ప్రోగ్రామింగ్ వేదికలోకి 2013లో వెబ్‌సాకెట్, 2017లో సర్వర్ సెంట్ ఈవెంట్స్ వచ్చి చేరాయి.

తెర మీద అంకెలు, అలారాలు చూడటమే పనైనప్పుడు ఈ రెంటిలో సర్వర్ సెంట్ ఈవెంట్స్ చాలు. మామూలు హెచ్‌టీటీపీ జవాబునే ముగించకుండా తెరిచి ఉంచి, అందులోకి ఒక్కో కబురూ రాస్తూ పోవడమే దాని పద్ధతి. దగ్గరగా చూస్తే ఒక కబురు, తెలుగు అక్షరాల్లో రాసుకుంటే, ఇలా ఉంటుంది:

ఐడీ: 4127
ఈవెంట్: అలారం
డేటా: ఇన్వర్టర్ 36 ఆగింది, 11:42:07

దీని కింద ఒక ఖాళీ పంక్తి ఉండాలి. అది వస్తేనే కబురు పూర్తయినట్టు. లింకు తెగితే బ్రౌజర్ తనంతట తానే మళ్లీ కలుస్తుంది. కలుస్తూ, తనకు చివరగా అందిన ఐడీ 4127 అని చెబుతుంది. సర్వర్ ఇటీవలి కబుర్లను దాచి ఉంచుకుంటే 4128 నుంచి పంపుతుంది. వెబ్‌సాకెట్‌లో ఈ ఏర్పాటంతా మనమే రాసుకోవాలి.

ఈ పనిలో అసలు నేర్పు వేగంలో లేదు, మౌనాన్ని అర్థమయ్యేలా చేయడంలో ఉంది. పోలింగ్‌లో జవాబు రాకపోతే ఏదో తేడా ఉందని వెంటనే తెలుస్తుంది. పుష్‌లో కబురు రాకపోతే రెండు అర్థాలు: అంతా సవ్యంగా ఉంది, లేదా లింకు చచ్చిపోయింది. తెర మీద 640 మెగావాట్లు అని నిలకడగా కనిపిస్తుంటే అది ఇప్పటి ఉత్పత్తో, అరగంట కిందటిదో చూసేవాడికి ఎలా తెలుస్తుంది? అందుకే సర్వర్ పదిహేను సెకన్లకోసారి “ఉన్నాను” అని పలకాలి. దీన్ని హార్ట్‌బీట్ అంటారు. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. కోలన్‌తో మొదలయ్యే వ్యాఖ్య పంక్తి పంపితే లింకు బతికే ఉంటుంది కానీ, బ్రౌజర్ దాన్ని మింగేస్తుంది, పేజీలోని ప్రోగ్రాముకు చెప్పదు. కాబట్టి హార్ట్‌బీట్‌ను కూడా అసలైన ఈవెంటుగానే పంపాలి. రెండు విడతలు అది రాకపోతే అంకెను బూడిద రంగుకు మార్చి, పక్కనే చివరిసారి అందిన సమయం చూపాలి.

కబుర్లన్నీ ఒక్క తీరువి కావు. మబ్బు కమ్మి ఉత్పత్తి పడిపోతుంటే 610, 540, 420 అని వరసగా వచ్చే అంకెల్లో ఆఖరిదొక్కటే కావాలి. నెట్ మందంగా ఉన్న బ్రౌజరుకు పాతవి వదిలేసి తాజాది పంపితే సరిపోతుంది. అలారాల సంగతి అలా కాదు. ఒక్కటి జారిపోయినా, వరస తప్పినా ఏది ముందు ఆగిందో తేలదు. ఈ రెంటినీ ఒకే క్యూలో వేస్తే అంకెల వరదలో అలారం వెనకబడుతుంది.

పెద్ద ఆఫీసుల నెట్‌వర్కులో మరికొన్ని ముళ్లున్నాయి. మధ్యలో ఉండే ప్రాక్సీ కబుర్లను పోగుచేసి ఒక్కసారిగా వదిలితే పుష్ చేసిన లాభమే పోతుంది. బఫరింగ్ ఆపమని దానికి ముందే చెప్పాలి. పాత హెచ్‌టీటీపీ 1.1లో ఒక సైటుకు బ్రౌజర్ మామూలుగా ఆరు కనెక్షన్లే ఇస్తుంది. ఒకే పేజీని ఆరు ట్యాబుల్లో తెరిస్తే ఏడోది కదలదు. హెచ్‌టీటీపీ 2లో ఈ బాధ తీరింది. సర్వర్‌ను రీస్టార్ట్ చేస్తే బ్రౌజర్లన్నీ ఒకే క్షణంలో మీదపడి దాన్ని మళ్లీ పడగొట్టవచ్చు. మళ్లీ కలిసే సమయాన్ని ఒక్కొక్కరికీ కొంత తేడాగా పెట్టడం దానికి విరుగుడు.

ఇంతా చెప్పి, అన్నిటికీ పుష్ వాడమని కాదు. మన గ్రిడ్‌లో ఎంత కరెంటు ఇవ్వాలన్న షెడ్యూలు పదిహేను నిమిషాల బ్లాకుల్లో, రోజుకు 96గా నడుస్తుంది. ఆ పట్టికను బ్లాకుకోసారి అడిగి తెచ్చుకుంటే చాలు, దానికోసం లింకు రోజంతా తెరిచి ఉంచడం దండగ. వెంటనే ఎవరో లేచి ఏదో చేయాల్సిన కబురుకే పుష్ కావాలి.

కాబట్టి ఇలాంటి సాఫ్ట్‌వేర్ కొనే అధికారి డెమోలో అంకెలు చకచకా మారడం చూసి మురిసిపోనక్కర్లేదు. నెట్ కేబుల్ పీకించి, ఎన్ని సెకన్లకు తెర ఆ సంగతి ఒప్పుకుంటుందో చూడాలి. తిరిగి పెట్టించి, మధ్యలో వచ్చిన అలారాలన్నీ వరస తప్పకుండా అందాయో లేదో లెక్కపెట్టాలి. ఈ రెండు పరీక్షలూ నెగ్గిన సాఫ్ట్‌వేర్‌కే సంతకం పెట్టాలి.